మైటోకాండ్రియా పంపే కబురు



దెబ్బ తగిలిన చోట హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయగానే బుసబుసమంటూ తెల్లటి నురగ లేవడం మీలో చాలామంది చూసే ఉంటారు. మందుల షాపులో దొరికే ఆ సీసాలో నూటికి మూడు పాళ్లు పెరాక్సైడ్, మిగతాదంతా నీళ్లే. ఆ నురగ మందులోంచి దానంతట అది పుట్టదు. మన రక్తంలోనూ, కండలోనూ కేటలేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఆ ఆక్సిజనే బుడగలై పైకి వస్తుంది. ఒక్క కేటలేజ్ అణువు సెకనులో లక్షలాది పెరాక్సైడ్ అణువుల్ని విడగొట్టగలదు. మనకు తెలిసిన ఎంజైములన్నిటిలోనూ అతి వేగంగా పనిచేసే వాటిలో అదొకటి.

ఇంత వేగమైన ఎంజైమ్‌ను ఒళ్లు ఊరికే తయారుచేసి పెట్టుకోదు కదా. అసలు సంగతి ఏమిటంటే, పెరాక్సైడ్ మన ఒంట్లోనే పుడుతోంది. మాట్లాడుతున్న నాలోనూ, వింటున్న మీలోనూ, ప్రతి కణంలోనూ, ఈ క్షణంలో కూడా పుడుతూనే ఉంది. ఎందుకు పుడుతోంది? చాలాకాలం పాటు దీనికి ఒకటే జవాబు వినిపించేది. అది పొరపాటున కారిపోయే విషం, ఎంత తుడిచేస్తే అంత మేలు అని. గత 30 ఏళ్ల పరిశోధన ఆ జవాబును చాలావరకు మార్చేసింది. పెరాక్సైడ్ కణం మాట్లాడుకునే భాషలో ఒక మాట అనీ, మైటోకాండ్రియా తమ పరిస్థితిని కణానికి తెలియజేసేదీ, తమను తాము అదుపులో పెట్టుకునేదీ దాని ద్వారానే అనీ ఇప్పుడు తెలుస్తోంది. ఇది ప్రయోగశాలలో ఆగిపోయే విషయం కాదు. బలానికని మనం రోజూ మింగే మాత్రల దాకా వస్తుంది. అందుకే ఇవాళ ఈ సంగతి మీతో కాస్త వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

మైటోకాండ్రియా గురించి బడిలో చదువుకున్నాం. కణం లోపల ఉండే ఆ చిన్న భాగాలు మనం తిన్న అన్నంలోని, నూనెలోని శక్తిని ఏటీపీ అనే అణువుగా మార్చి ఇస్తాయి. ఏటీపీ పేరెత్తినప్పుడు ఒక తెలుగువారి పేరు చెప్పకుండా ముందుకు పోవడం నాకు మనస్కరించదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ 1929లో కండరంలో ఈ ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. కండరం కదలడానికి, గుండె కొట్టుకోవడానికి, మెదడు ఆలోచించడానికి ఖర్చయ్యేది ఆ అణువే.

ఆ ఏటీపీ తయారయ్యే తీరు చూద్దాం. మైటోకాండ్రియా లోపలి పొరలో కొన్ని పెద్ద ప్రోటీన్ సముదాయాలు ఉంటాయి. శాస్త్రజ్ఞులు వాటిని ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలతోనే పిలుస్తారు. ఆహారం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు వీటి గుండా చేతులు మారుతూ పోయి, చివర ఆక్సిజన్‌ను చేరతాయి. మనం ఊపిరి పీల్చేది ఆ చివరి మెట్టు కోసమే. ఒక్కో ఆక్సిజన్ అణువు నాలుగు ఎలక్ట్రాన్లను అందుకుని నీరైపోతుంది. దారిలో దొరికిన శక్తితో, రెండోది తప్ప మిగతా సముదాయాలు ప్రోటాన్లను పొరకు అవతలి వైపుకి తోస్తాయి. అవి తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుంది.

అయితే ఎలక్ట్రాన్లన్నీ చివరిదాకా పోవు. ఒకటో సముదాయం దగ్గరో, మూడో సముదాయం దగ్గరో ఒకటీ అరా పక్కనే ఉన్న ఆక్సిజన్ మీదికి ముందే జారిపోతాయి. నాలుగు అందాల్సిన చోట ఒక్కటే అందిన ఆక్సిజన్ అణువుకు సూపరాక్సైడ్ అని పేరు. దాన్ని సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ వెంటనే హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ పెరాక్సైడ్ ఇనుము అయానుతో కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఇది మాత్రం నిజంగా భయంకరమైనది. పుట్టిన చోటే ఏది దొరికితే దాన్ని, అది కొవ్వు గానీ డీఎన్ఏ గానీ, కొరికేస్తుంది. ఈ మూడింటినీ, ఇలాంటి మరికొన్నింటినీ కలిపి చురుకైన ఆక్సిజన్ అణువులు అంటున్నారు. ఒకే గుంపులో వేసి పిలవడం వల్ల చాలా గందరగోళం జరిగిందని నా అభిప్రాయం. వీటి స్వభావాలు ఒకదానితో ఒకటి పోలవు. ఇవాళ నేను చెప్పేదంతా ముఖ్యంగా పెరాక్సైడ్ గురించి.

వీటి మీద పడిన చెడ్డ పేరుకు ఒక చరిత్ర ఉంది. అర్జెంటీనాలో పుట్టి అమెరికాలో పనిచేస్తున్న రెబెకా గెర్ష్‌మన్ 1954లో ఒక గొప్ప పోలిక పట్టుకున్నారు. మితిమీరిన ఆక్సిజన్ వల్ల జరిగే హానీ, ఎక్స్-రే కిరణాల వల్ల జరిగే హానీ ఒకే దారిన, ఫ్రీ రాడికల్స్ అనే జతలేని ఎలక్ట్రాన్ ఉన్న అణువుల ద్వారానే జరుగుతున్నాయని ఆమె, ఆమె సహచరులు రాశారు. రెండేళ్ల తర్వాత 1956లో కాలిఫోర్నియాలో డెన్‌హామ్ హార్మన్, ముసలితనానికి కారణం కూడా ఇదేనని సిద్ధాంతం చేశారు. 1972లో ఆ వేలు నేరుగా మైటోకాండ్రియా వైపు చూపించారు. మధ్యలో 1969లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ ఇద్దరూ, ఇందాక చెప్పిన సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌ను కనుక్కున్నారు. సూపరాక్సైడ్‌ను వదిలించుకోవడానికే ఒక ఎంజైమ్ ఉందంటే అది ఎంత ప్రమాదకరమై ఉండాలి అని అందరూ అనుకున్నారు. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. 1990ల్లో మైటోకాండ్రియాలో ఉండే ఆ ఎంజైమ్‌ను లేకుండా చేసి పుట్టించిన ఎలుక పిల్లలు కొద్ది రోజుల్లోనో, కొద్ది వారాల్లోనో చనిపోయాయి. కొన్నింటి గుండె ఉబ్బిపోయింది. హాని నిజమే. దాన్ని ఎవరూ కాదనలేరు.

ఇదే కాలంలో మరో రకం పరిశోధన కూడా నడిచింది. ఫిలడెల్ఫియాలో బ్రిటన్ చాన్స్, ఆయన బృందం 1970ల మొదట్లోనే మైటోకాండ్రియా నుంచి వచ్చే పెరాక్సైడ్‌ను కొలిచారు. పీల్చే ఆక్సిజన్‌లో ఒకటి రెండు శాతం ఇలా పోతుందని పుస్తకాల్లో ఇప్పటికీ కనిపించే అంకెకు మూలం ఆ కొలతలే. కానీ అవి కణం నుంచి బయటకు తీసి, ఆక్సిజన్ దండిగా అందించిన మైటోకాండ్రియాలో చేసిన కొలతలు. బతికి ఉన్న కణం లోపల అంత పోదు, ఎంతో తక్కువ. మన దేశంలో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో టి. రామశర్మ ఈ పెరాక్సైడ్ పుట్టుకనే పట్టుకుని ఏళ్ల తరబడి పనిచేశారు. కణపు పొరల్లో పెరాక్సైడ్ ఎలా పుడుతుందో వివరిస్తూ 1982లో ఆయన రాసిన సమీక్షా వ్యాసాన్ని ఈ రంగంవాళ్లు చదువుతూ వచ్చారు. హార్మోన్లను బట్టి, వేడిని బట్టి కాలేయపు మైటోకాండ్రియాలో పెరాక్సైడ్ హెచ్చుతగ్గులవుతుందని ఆ ప్రయోగశాల చూపించింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఒక పదార్థం హార్మోన్ చెప్పినట్టు పెరిగి తగ్గుతోందంటే, దాన్ని వట్టి పొరపాటు అని ఎలా అనగలం?

1995లో అమెరికాలో టోరెన్ ఫింకెల్ బృందం ఈ అనుమానాన్ని సూటిగా పరీక్షించింది. రక్తనాళాల కండర కణాలకు పెరగమని చెప్పే ఒక పదార్థాన్ని అందించగానే వాటి లోపల పెరాక్సైడ్ పెరిగింది. కేటలేజ్‌ను అదనంగా చొప్పించి ఆ పెరాక్సైడ్‌ను తుడిచేస్తే, పెరగమన్న ఆజ్ఞ అందినా కణం కదల్లేదు. అంటే ఆజ్ఞకు, పనికి మధ్య పెరాక్సైడ్ ఉంది. అది లేకపోతే మాట లోపలికి చేరదు.

మరి సంకేతంగా పనిచేయడానికి పెరాక్సైడ్‌లో ఉన్న గుణమేమిటి? హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిన చోటే మండిపోతుంది కాబట్టి కబురు మోయలేదు. సూపరాక్సైడ్‌కు విద్యుదావేశం ఉంది కాబట్టి పొరలు దాటడం కష్టం. పెరాక్సైడ్‌కు ఆవేశం లేదు, చిన్నది, నీళ్లు పోయే దారుల్లోంచే పొర దాటిపోతుంది. పైగా దేన్ని పడితే దాన్ని తాకదు. ప్రోటీన్లలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. దాని చివర గంధకం పరమాణువు ఉంటుంది. అన్ని సిస్టీన్లూ కావు గానీ, కొన్ని చోట్ల ఉన్న సిస్టీన్ల గంధకం మాత్రం పెరాక్సైడ్ తగిలితే చటుక్కున ఆక్సీకరణ చెందుతుంది. దాంతో ఆ ప్రోటీన్ ఆకారం మారుతుంది, పని మారుతుంది. కబురు అందిందన్నమాట. ఆ తర్వాత థయోరెడాక్సిన్, గ్లుటాథయోన్ లాంటివి వచ్చి ఆ గంధకాన్ని మళ్లీ పాత స్థితికి తెస్తాయి. అలా మార్చడానికీ, తిరిగి యథాస్థితికి తేవడానికీ వీలుండటమే ఇక్కడ ప్రాణం. వెనక్కి తిప్పలేని మార్పును గాయం అనాలి గానీ సంకేతం అనలేం.

ఎంత పెరాక్సైడ్ అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంది. ఆక్సీకరణ ఒత్తిడి అన్న మాటను 1985లో వాడుకలోకి తెచ్చిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మట్ సీస్, తర్వాతి కాలంలో తానే ఆ మాటకు సవరణ చెప్పారు. మామూలు కణంలో పెరాక్సైడ్ 1 నుంచి 10 నానోమోలార్ దాకా ఉంటుందనీ, ఆ మేరకు అది ఆరోగ్యానికి అవసరమైన ఒత్తిడి అనీ, వంద నానోమోలార్ దాటిపోతే హాని మొదలవుతుందనీ ఆయన లెక్క. 10 నానోమోలార్ అంటే ఎంత? ఇందాక చెప్పిన మందుల షాపు సీసాలో ఉన్న దానికన్నా దాదాపు 9 కోట్ల రెట్లు పలుచన. అంత కొద్దిపాటి పెరాక్సైడ్‌ను పసిగట్టగల ప్రోటీన్లు మన కణాల్లో ఉన్నాయి. వాటిలో పెరాక్సిరెడాక్సిన్లు ముందుంటాయి. ఇవి పెరాక్సైడ్‌ను అందరికన్నా ముందు పట్టుకుంటాయి. పట్టుకుని నిర్వీర్యం చేసి ఊరుకోవు, కొన్నిసార్లు ఆ ఆక్సీకరణను తీసుకెళ్లి మరో ప్రోటీన్‌కు అప్పగిస్తాయి. కాపలా కాసేదీ, కబురు చేర్చేదీ ఒకే ప్రోటీన్ కావడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే విషయం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ పెరాక్సైడ్, దానికి ముందరి సూపరాక్సైడ్, మైటోకాండ్రియాను ఎలా అదుపు చేస్తాయి?

ముందు తక్షణం జరిగేది. తిండి ఎక్కువై, ఖర్చు తక్కువైనప్పుడు ఎలక్ట్రాన్లు కిక్కిరిసిపోతాయి, పొరకు అటూ ఇటూ విద్యుత్ పీడనం పెరుగుతుంది. పీడనం పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్లు జారిపోవడం ఎక్కువవుతుంది, సూపరాక్సైడ్ పెరుగుతుంది. 2002లో కేంబ్రిడ్జ్‌లో మార్టిన్ బ్రాండ్ బృందం ఒక విషయం ప్రకటించింది. ఈ సూపరాక్సైడ్ వెళ్లి లోపలి పొరలోని అన్‌కప్లింగ్ ప్రోటీన్లను మేల్కొలుపుతుంది. అవి ప్రోటాన్లకు అడ్డదారి తెరుస్తాయి. ఏటీపీ తయారు కాకుండానే కొన్ని ప్రోటాన్లు లోపలికి వచ్చేస్తాయి, పీడనం తగ్గుతుంది, దాంతో సూపరాక్సైడ్ కూడా తగ్గుతుంది. వంటింట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేయడాన్ని తలుచుకోండి. విజిల్‌తో పాటు పోయే ఆవిరి వృథాయే. కానీ లోపలి ఒత్తిడి తగ్గేది దానివల్లే, మంట తగ్గించమని వంట చేసేవాళ్లకు తెలిసేదీ దానివల్లే. అన్‌కప్లింగ్ ప్రోటీన్ల విషయంలో ఇంకా వాదాలు నడుస్తున్నాయి, అందరూ ఒప్పుకున్న సంగతి కాదు. ఆ సంగతి మీకు చెప్పడం నా బాధ్యత.

వాదం లేని ఉదాహరణ ఇంకొకటి ఉంది, అకోనిటేజ్. మైటోకాండ్రియాలో ఆహారాన్ని విడగొట్టే సిట్రిక్ ఆమ్ల చక్రంలో ఇదొక ఎంజైమ్. దీని మధ్యలో ఇనుము, గంధకం కలిసిన చిన్న ముడి ఉంటుంది. సూపరాక్సైడ్ తగిలితే ఆ ముడిలోంచి ఒక ఇనుము పరమాణువు ఊడిపోతుంది, ఎంజైమ్ ఆగిపోతుంది. చక్రం నెమ్మదిస్తే కొత్తగా వచ్చే ఎలక్ట్రాన్లు తగ్గుతాయి. రద్దీ తగ్గాక ఇనుము మళ్లీ చేరుతుంది, ఎంజైమ్ మళ్లీ పనిలో పడుతుంది. పాతకాలపు పాఠ్యపుస్తకాలు దీన్ని ఆక్సీకరణ హానికి ఉదాహరణగా చెప్పేవి. నాకైతే ఇందులో అదుపు కూడా కనిపిస్తుంది.

ఇవి మైటోకాండ్రియా లోపలే జరిగిపోయేవి. ఇంతకన్నా పెద్ద కథ కేంద్రకంతో ముడిపడి ఉంది. మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంది గానీ, అందులో ఉన్నవి 37 జన్యువులే. వాటితో తయారయ్యే ప్రోటీన్లు 13 మాత్రమే. మైటోకాండ్రియాలో పనిచేసే మిగతా వెయ్యికి పైగా ప్రోటీన్ల జన్యువులన్నీ కేంద్రకంలో ఉన్నాయి. మరమ్మతు కావాలన్నా, కొత్త మైటోకాండ్రియా తయారు కావాలన్నా కేంద్రకానికి తెలియాలి. ఇక్కడి సంగతి అక్కడికి ఎవరు చేరవేస్తారు? చేరవేసేవి చాలా ఉన్నాయి, వాటిలో పెరాక్సైడ్ ఒకటి.

జపాన్‌లో మసయుకి యమమోటో బృందం 1990ల చివర్లో జంటగా పనిచేస్తాయని చూపించిన రెండు ప్రోటీన్లను చూడండి. ఎన్‌ఆర్‌ఎఫ్2 అనేది రక్షణ జన్యువులను పలికించే ప్రోటీన్. మామూలు వేళల్లో కీప్1 అనే ఇంకో ప్రోటీన్ దాన్ని పట్టుకుని, తయారైంది తయారైనట్టే నాశనానికి పంపుతుంది. ఎక్కడా ఆపద లేనప్పుడు రక్షణకు ఖర్చు పెట్టడం దండుగ కదా. కీప్1లోని సిస్టీన్లు ఆక్సీకరణ చెందాయంటే ఆ పట్టు వదులవుతుంది. ఎన్‌ఆర్‌ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్లి గ్లుటాథయోన్‌ను, రకరకాల రక్షణ ఎంజైములను తయారు చేయిస్తుంది. కండరంలో దీనికి తోడు పీజీసీ-1 ఆల్ఫా అనే ప్రోటీన్ కూడా పనిచేస్తుంది. కొత్త మైటోకాండ్రియా పుట్టించడంలో అది ముందుంటుంది. 2006లో బ్రూస్ స్పీగల్‌మన్ బృందం చూపించిన దాని ప్రకారం అది మైటోకాండ్రియాను పెంచుతూనే, వాటితో పాటు రక్షణ ఎంజైములను కూడా పెంచుతుంది. శక్తి పెరగాల్సినప్పుడు కాపలా కూడా పెరుగుతుందన్నమాట. ఆ రెండింటినీ కలిపే ముడిలో పెరాక్సైడ్ ఉంది.

ఆక్సిజన్ తగ్గినప్పుడు జరిగేది మరీ విచిత్రం. ఎత్తైన కొండ ఎక్కినప్పుడో, రక్తనాళం సన్నబడినప్పుడో కణానికి ఆక్సిజన్ తగ్గుతుంది. అప్పుడు హెచ్‌ఐఎఫ్ అనే ప్రోటీన్ నిలదొక్కుకుని, ఎర్ర రక్తకణాలను, రక్తనాళాలను పెంచే జన్యువులను పలికిస్తుంది. ఈ ఏర్పాటును విప్పి చెప్పినందుకే 2019లో గ్రెగ్ సెమెంజా, పీటర్ రాట్‌క్లిఫ్, విలియం కేలిన్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. 1998లో నవదీప్ చందేల్, పాల్ షూమాకర్ ఇందులో మైటోకాండ్రియా పాత్రను చూపించారు. ఆక్సిజన్ తగ్గితే మైటోకాండ్రియా నుంచి ఈ చురుకైన అణువులు తగ్గాలని మనం అనుకుంటాం. కానీ పెరిగాయి. మైటోకాండ్రియా డీఎన్ఏ లేకుండా చేసి, ఎలక్ట్రాన్ల ప్రయాణమే ఆగిపోయిన కణాల్లో ఆ స్పందన రాలేదు. అంటే ఊపిరి తగ్గిందన్న కబురు మైటోకాండ్రియా పంపింది. కబురు అందుకున్న హెచ్‌ఐఎఫ్ ఏం చేస్తుంది? తిరిగి మైటోకాండ్రియానే సర్దుతుంది. ఆహారం వాటిలోకి పోయే దారిని కుదిస్తుంది. నాలుగో సముదాయంలో ఒక ఉపభాగాన్ని తీసేసి, తక్కువ ఆక్సిజన్‌లో మెరుగ్గా పనిచేసే మరో రకాన్ని పెట్టిస్తుంది. ఎంత సూక్ష్మమైన సర్దుబాటో చూడండి.

ఇదంతా కణాల్లో చూసింది. మొత్తం జీవిలో ఏమవుతుందో తెలుసుకోవడానికి కెనడా వెళ్లాలి. మాంట్రియల్‌లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సీగ్‌ఫ్రీడ్ హెకిమి ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగుల మీద పనిచేస్తారు. ఈ పురుగు బతికేది రెండు మూడు వారాలే. మైటోకాండ్రియాలో చిన్న లోపం ఉన్న కొన్ని పురుగులు మామూలు వాటికన్నా చాలా ఎక్కువ కాలం బతుకుతాయి. 2010లో ఆయన, వెన్ యాంగ్ ఆ పురుగులను పరిశీలిస్తే, వాటిలో సూపరాక్సైడ్ ఎక్కువగా ఉంది. హార్మన్ సిద్ధాంతం ప్రకారం అవి తొందరగా చావాలి. ఈ చురుకైన అణువులను తుడిచేసే విటమిన్ సి లాంటి యాంటీఆక్సిడెంట్లు ఇచ్చి చూస్తే ఆ అదనపు ఆయుష్షు తగ్గిపోయింది. తర్వాత మామూలు పురుగులకు అతి కొద్దిగా పారాక్వాట్ ఇచ్చారు. మన పొలాల్లో కలుపుమందుగా కొట్టే పారాక్వాటే అది. కణంలోకి వెళ్లి సూపరాక్సైడ్ పుట్టించడం దాని పని. ఆ పురుగులు ఎక్కువ కాలం బతికాయి. మోతాదు పెంచితే మాత్రం చచ్చిపోయాయి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పారాక్వాట్ మనిషికి ప్రాణాంతకం, ఒక గుక్క మింగినా ఊపిరితిత్తులు పాడైపోతాయి, విరుగుడు మందు లేదు. వింటున్న రైతులు, రైతుల ఇళ్లలోవాళ్లు దాన్ని పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి. పురుగులో జరిగిన ప్రయోగం చెప్పేది సూపరాక్సైడ్ సంకేతం గురించే గానీ, ఆ మందు గురించి కాదు.

ఇక మనుషుల సంగతి. వ్యాయామం చేస్తే కండరాల్లో ఈ చురుకైన అణువులు పెరుగుతాయని 1982లోనే కెల్విన్ డేవిస్, ఆయన సహచరులు చూపించారు. దాన్నే సాకుగా తీసుకుని వ్యాయామం చేసేవాళ్లకు యాంటీఆక్సిడెంట్ మాత్రలు అమ్మడం మొదలైంది. 2008లో స్పెయిన్ పరిశోధకులు శిక్షణలో ఉన్న ఎలుకలకు విటమిన్ సి ఇచ్చి చూశారు. కొత్త మైటోకాండ్రియా పుట్టుకకు గుర్తులైన ప్రోటీన్లు తగ్గాయి, పరుగులో ఓర్పు పెరగాల్సినంత పెరగలేదు. మరుసటి ఏడాది జర్మనీలో మైకేల్ రిస్టో బృందం సుమారు నలభై మంది ఆరోగ్యవంతులైన యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించింది. సగం మందికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. మిగతా సగానికి ఇవ్వలేదు. మాత్రలు లేనివాళ్లలో ఇన్సులిన్ చక్కగా పనిచేయడం మొదలుపెట్టింది, పీజీసీ-1 ఆల్ఫా పెరిగింది, వాళ్ల సొంత రక్షణ ఎంజైములూ పెరిగాయి. మాత్రలు వేసుకున్నవాళ్లలో ఈ లాభాలు కనిపించలేదు. షుగర్ జబ్బు ఇంటింటా ఉన్న మన రాష్ట్రాల్లో ఈ ఫలితాన్ని తేలిగ్గా తీసుకోకూడదని నా మనవి. షుగర్ రాకుండా చూసుకోవాలని పొద్దున్నే లేచి నడిచి వచ్చిన మనిషి, అదే ఉద్దేశంతో ఒక పెద్ద విటమిన్ మాత్ర కూడా వేసుకుంటే, నడక వల్ల కలిగే లాభాన్ని ఆ మాత్ర తగ్గించే అవకాశం ఉంది.

దీనికి ఎదురు ఫలితాలు లేకపోలేదు. నార్వేలో 2014లో 54 మంది మీద 11 వారాలు జరిగిన పరీక్షలో విటమిన్లు వేసుకున్నవాళ్ల కండరాల్లో మైటోకాండ్రియా ప్రోటీన్ పెరగాల్సినట్టు పెరగలేదు గానీ, వాళ్ల పరుగు సామర్థ్యం మాత్రం మిగతావాళ్లతో సమానంగానే పెరిగింది. మరికొన్ని పరీక్షల్లో తేడాయే కనబడలేదు. కాబట్టి విటమిన్ మాత్ర వ్యాయామాన్ని పూర్తిగా పాడుచేస్తుందని నేను అనను. మేలు చేసిందన్న ఆధారం మాత్రం ఇంతవరకూ దొరకలేదు.

యాంటీఆక్సిడెంట్ మాత్రల మీద జరిగిన పెద్ద పెద్ద వైద్య పరీక్షల చరిత్ర ఇంకా బాధాకరం. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లతో జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. అమెరికాలో పొగతాగేవాళ్లు, ఆస్‌బెస్టాస్ పనివాళ్ల మీద నడుస్తున్న ఇంకో పరీక్షను ఇదే కారణంగా 1996 జనవరిలో, గడువుకు 21 నెలల ముందే ఆపేశారు. విటమిన్ ఇ వేసుకున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో మరో అమెరికన్ పరీక్ష తేల్చింది. వీటన్నిటికీ కారణం మైటోకాండ్రియా సంకేతాలు చెరిగిపోవడమే అని చెప్పడానికి వీల్లేదు. పొగతాగేవారి ఊపిరితిత్తులను బీటా కెరోటిన్ వేరే రకంగానూ పాడుచేస్తుంది. అయినా తుడిచేయడమే మందు అన్న నమ్మకంతో వేల మందికి మాత్రలు పెట్టాక కళ్లు తెరిపించిన ఫలితాలివి.

అలాగని పండ్లు, కూరగాయలు మానేయమని అర్థం కాదు. విటమిన్ సి అసలే లేకపోతే స్కర్వీ అనే జబ్బు వస్తుంది. వైద్యుడు లోపం చూసి రాసిన మందు వేసుకోవాల్సిందే. కూరగాయల్లో ఇంకో విశేషం ఉంది. ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ ఒకే కుటుంబం మొక్కలు. వాటి ఘాటుకు కారణమైన ఐసోథయోసయనేట్లు కణంలోకి వెళ్లి, ఇందాక చెప్పిన కీప్1 సిస్టీన్లనే తాకుతాయి. అంటే అవి మన బదులు పెరాక్సైడ్‌ను తుడవవు. కణాన్ని కాస్త కదిలించి, దాని రక్షణను అదే తయారుచేసుకునేలా చేస్తాయి. మాత్రలో దట్టించిన విటమిన్‌కూ, కూరలో తిన్న ముల్లంగికీ ఉన్న తేడా ఇక్కడ ఉంది.

అయితే ఈ చురుకైన అణువులు నిజంగా చంపే సందర్భమూ ఉంది, అది గుండెపోటు. రక్తనాళం మూసుకుపోయినప్పుడు గుండె కండరంలో సక్సినేట్ అనే పదార్థం పోగవుతుంది. వైద్యులు స్టెంట్ వేసి రక్తం మళ్లీ పారించగానే ఆ సక్సినేట్ ఒక్కసారిగా ఖర్చవుతుంది. ఎలక్ట్రాన్లు ఒకటో సముదాయం గుండా వెనక్కి మళ్లి, నిమిషాల్లో ఉప్పెనగా సూపరాక్సైడ్ పుడుతుంది. ప్రాణం నిలబెట్టిన చికిత్సే కొంత కండరాన్ని దెబ్బతీయడానికి కారణం ఇదేనని 2014లో కేంబ్రిడ్జ్‌లో మైకేల్ మర్ఫీ, ఎడ్వర్డ్ చౌచాని తదితరులు చూపించారు. ఇక్కడ మందు కావాలి, కచ్చితంగా కావాలి. కానీ ఒంట్లోని పెరాక్సైడ్ అంతటినీ తుడిచేసేది కాదు. ఆ ఒక్క చోట, ఆ కొద్ది నిమిషాలు ఆపేది కావాలి.

ఆ దిశగానే పని మొదలైంది. అన్‌కప్లింగ్ ప్రోటీన్ల మీద పనిచేసిన మార్టిన్ బ్రాండ్ ఆ తర్వాత కాలిఫోర్నియాలోని బక్ సంస్థకు వెళ్లారు. అక్కడ వేలాది రసాయనాలను జల్లెడ పట్టి రెండు రకాలను వేరుచేశారు. ఒక రకం ఒకటో సముదాయంలో ఒకే ఒక్క చోట ఎలక్ట్రాన్ జారకుండా చూస్తుంది. రెండోది మూడో సముదాయంలో అదే పని చేస్తుంది. ఏటీపీ తయారీకి రెండూ అడ్డురావు. దీనివల్ల ఇప్పటిదాకా అడగలేకపోయిన ప్రశ్నలు అడగడానికి వీలు చిక్కింది. ఆక్సిజన్ తగ్గిందన్న కబురు ఏ చోటు నుంచి వెళ్తోంది, వ్యాయామపు కబురు ఏ చోటు నుంచి వెళ్తోంది, గుండెను దెబ్బతీసేది ఏ చోటు నుంచి పుడుతోంది అని ఇప్పుడు పరిశోధకులు ఒక్కొక్క చోటునే మూసి చూస్తున్నారు.